వారం మధ్యలో రాత్రి భోజనానికి గ్రీకు రుచుల మసూర్ బౌల్

ఉడికిన మసూర్ గింజలు వేడిగా ఉన్నప్పుడే నిమ్మరసాన్ని, ఆలివ్ నూనెను లోపలికి పీల్చుకుంటాయి. చల్లారాక పోస్తే అదంతా పైపైన జారిపోయి గిన్నె అడుగున నిలుస్తుంది. పైన పుల్లగా, లోపల చప్పగా ఉండే బౌల్ తిని "ఇంతేనా?" అనుకున్నవాళ్లలో ఎక్కువమందికి జరిగింది ఇదే. గింజలు వార్చిన రెండు మూడు నిమిషాల్లో డ్రెస్సింగ్ పడిపోవాలి. అందుకే డ్రెస్సింగ్ ముందే సిద్ధంగా ఉండాలి. కింద చెప్పిన పని వరస అంతా ఆ రెండు మూడు నిమిషాల చుట్టూ అల్లుకున్నదే.

గ్రీస్‌లో ఈ బౌల్ ఇదే రూపంలో తరతరాలుగా ఉన్న వంటకం కాదు. ఇందులో కలిసే భాగాలు మాత్రం అన్నీ అక్కడివే. మసూర్‌తో చేసే 'ఫకేస్' అనే సూప్ గ్రీకు ఇళ్లలో వారం మధ్యలో వండుకునే మామూలు భోజనం. ఉల్లిపాయ, వెల్లుల్లి, బే ఆకు వేసి ఉడికించి, వడ్డించేటప్పుడు పైన కాస్త వెనిగర్ పోసుకుంటారు. మసూర్, బియ్యం కలిపి వండేది 'ఫకోరిజో'. టమాటా, కీర, ఉల్లిపాయ, ఆలివ్, ఫెటా చీజ్ కలిసిన పల్లెటూరి సలాడ్ 'హోరియాతికి'. పెరుగు, కీర, వెల్లుల్లి కలిపేది 'జాజికి'. ఈ నాలుగింటినీ ఒకే గిన్నెలోకి తెస్తే మన బౌల్ తయారవుతుంది. దేని రుచి దానికి ఉండేలా, ఒకదాన్ని మరొకటి మింగేయకుండా చూసుకోవడమే ఇందులోని పనితనం.

ముందుగా మసూర్ సంగతి

కావలసింది పొట్టు తీయని గుండు మసూర్. బయట గోధుమ రంగులోనో ముదురు ఆకుపచ్చగానో ఉంటుంది. పొట్టు తీసిన ఎర్రటి మసూర్ పప్పు దీనికి పనికిరాదు, ఎంత జాగ్రత్తగా చూసుకున్నా పదిహేను నిమిషాల్లో మెత్తగా కరిగిపోతుంది. సూప్ అయితే అది బాగుంటుంది. బౌల్‌లో మాత్రం గింజ గింజగా ఉండాలి, నోట్లో పెట్టుకుంటే మెత్తగా విడిపోవాలి. చిన్న గింజలు దొరికితే అవే తీసుకోండి, పెద్దవాటి కన్నా ఆకారం బాగా నిలుపుకుంటాయి. లెఫ్కాడా దీవిలోని ఎంగ్లూవి అనే కొండ ఊరు చిన్న మసూర్ గింజలకు గ్రీస్ అంతటా పేరు పొందింది.

పాత సరుకుతో జాగ్రత్తగా ఉండండి. డబ్బాలో ఏడాదిన్నర, రెండేళ్లు పడి ఉన్న గింజలు నలభై నిమిషాలైనా గట్టిగానే ఉంటాయి. సాయంత్రం ఏడున్నరకు పిల్లలు ఆకలి అంటున్నప్పుడు ఆ గట్టి గింజలతో పడే టెన్షన్ అంతా ఇంతా కాదు.

గ్రీకుల నేలకు ఈ గింజ చాలా పాతది. దక్షిణ గ్రీస్‌లోని ఫ్రాంక్‌థి గుహలో, వ్యవసాయం ఇంకా మొదలుకాని కాలపు పొరల్లోనే అడవి మసూర్ గింజలు దొరికాయి. ఏథెన్స్ వెలిగిన రోజుల్లో మసూర్ పేదల తిండి. తర్వాత స్టోయిక్ తత్వానికి మూలపురుషుడైన జీనో గురించి ఒక పాత కథ ఉంది. అతనికి మొహమాటం ఎక్కువట. అది పోగొట్టడానికి గురువు క్రాటిస్ ఒక కుండ నిండా మసూర్ సూప్ ఇచ్చి, జనం తిరిగే కెరమైకోస్ వీధుల్లో మోయమన్నాడట. జీనో సిగ్గుతో కుండ దాచుకోబోతే గురువు కర్రతో కొట్టి పగలగొట్టాడని, సూప్ అతని కాళ్ల వెంట కారిందని చెబుతారు. అప్పట్లో చేత్తో పట్టుకుని నడవడానికే సిగ్గుపడిన ఆ తిండిని ఇప్పుడు ఎవరైనా ఇష్టంగా వడ్డించవచ్చు.

నలుగురికి సరిపడా సరుకులు

ఉడకబెట్టడానికి: గుండు మసూర్ 250 గ్రాములు (ఒక కప్పు, పైన పావు కప్పు), నీళ్లు 6 కప్పులు, సగం ఉల్లిపాయ, పొట్టు తీసిన వెల్లుల్లి రెబ్బలు 2, ఎండు బే ఆకు 1, ఉప్పు ముప్పావు టీస్పూన్.

అడుగున పరచడానికి: బల్గర్ ఒక కప్పు. ముందే ఉడికించి, ఎండబెట్టి, విరిచిన గోధుమ అది. గ్రీకులు ప్లిగూరి అంటారు. లేకపోతే అన్నం సరిపోతుంది.

డ్రెస్సింగ్‌కు: ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె 5 టేబుల్ స్పూన్లు, నిమ్మరసం 2 టేబుల్ స్పూన్లు, రెడ్ వైన్ వెనిగర్ 1 టేబుల్ స్పూన్, ఆవాల పేస్ట్ (మస్టర్డ్) 1 టీస్పూన్, ఎండు ఓరెగానో ఒకటిన్నర టీస్పూన్, వెల్లుల్లి రెబ్బ 1, మిరియాల పొడి, చిటికెడు ఉప్పు.

జాజికికి: గట్టి పెరుగు 1 కప్పు, చిన్న కీర 1, వెల్లుల్లి చిన్న రెబ్బ 1, ఆలివ్ నూనె 1 టేబుల్ స్పూన్, వెనిగర్ 1 టీస్పూన్, సన్నగా తరిగిన సోయకూర (డిల్) లేదా పుదీనా 2 టేబుల్ స్పూన్లు.

పైన వేసుకోవడానికి: టమాటాలు 3, కీర 1, పచ్చ క్యాప్సికం 1, ఎర్ర ఉల్లిపాయ 1, గింజ తీసిన కలమాటా ఆలివ్‌లు 16 నుంచి 20, ఫెటా 120 గ్రాములు, గుప్పెడు పార్స్లీ.

ఫెటా గురించి రెండు మాటలు. 2002 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఆ పేరు గ్రీస్‌లోని నిర్ణీత ప్రాంతాల్లో చేసిన చీజ్‌కే దక్కుతుంది. గొర్రె పాలతో చేస్తారు, మేక పాలు 30 శాతం దాకా కలపవచ్చు, కనీసం రెండు నెలలు మాగబెట్టాలి. ఇతర చోట్ల అదే పేరుతోనో 'వైట్ చీజ్' అనో ఆవు పాలతో చేసినవి దొరుకుతాయి. వాటిలో ఆ పుల్లటి ఘాటు తక్కువ. ప్యాకెట్ వెనక పాలు ఏవో చదివి కొనండి. కుదిరితే ఉప్పు నీళ్లలో ఉన్న ముక్కగానే కొనండి. ముందే పొడి చేసి అమ్మేది ఎండిపోయి ఉంటుంది.

పని వరస

మొత్తం నలభై, నలభై ఐదు నిమిషాలు. మసూర్ ఉడుకుతుండగానే మిగతా పనులన్నీ అయిపోతాయి.

1. మసూర్ పొయ్యి మీదికి

గింజలను పళ్లెంలో పోసి రాళ్లూ మట్టిబెడ్డలూ ఏరండి. చల్లటి నీళ్లతో రెండు సార్లు కడగండి. నానబెట్టక్కర్లేదు. మసూర్‌లో వారం మధ్యకు అచ్చొచ్చే గుణం ఇదే, శనగలు, రాజ్మాలా ముందు రోజే గుర్తుపెట్టుకుని నానబెట్టాల్సిన పని ఉండదు.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో గింజలు, 6 కప్పుల నీళ్లు, ఉల్లిపాయ ముక్క, వెల్లుల్లి, బే ఆకు, ఉప్పు వేసి పెద్ద మంట మీద పెట్టండి. ఉప్పు ముందే వేస్తే పప్పు ఉడకదన్న మాట చాలామంది నోట వింటాం. అది నిజం కాదు. ఉప్పు నీళ్లలో ఉడికిన గింజకు పైపొట్టు మెత్తబడుతుంది, రుచి లోపలికి కూడా చేరుతుంది. ఉడకకుండా అడ్డుపడేది పులుపు. నిమ్మరసం, వెనిగర్, టమాటా ముందుగా పడితే గింజ గోడలు గట్టిగానే ఉండిపోతాయి. సున్నం ఎక్కువగా ఉన్న నీళ్లు కూడా అదే పని చేస్తాయి. అలాంటి నీళ్లయితే ఫిల్టర్ చేసినవి వాడండి.

ఒక పొంగు రాగానే మంట సిమ్‌లో పెట్టండి. నీళ్లు కళపెళా మరగకూడదు. అక్కడక్కడ బుడగలు లేస్తే చాలు. ఎక్కువ మరిగితే గింజలు ఒకదానికొకటి కొట్టుకుని పొట్టు ఊడిపోతుంది. మూత ఓరగా పెట్టండి. ప్రెషర్ కుక్కర్ జోలికి పోకండి. విజిల్ లెక్కలో ఒక్కటి అటూ ఇటూ అయినా గింజ ముద్దైపోతుంది, లోపల ఏమవుతోందో చూసే వీలు కూడా ఉండదు.

2. ఉల్లిపాయ నానబెట్టడం

ఎర్ర ఉల్లిపాయను పల్చని చీలికలుగా తరిగి, చిటికెడు ఉప్పు, ఒక టేబుల్ స్పూన్ వెనిగర్ (డ్రెస్సింగ్‌కు కాకుండా విడిగా) కలిపి పక్కన పెట్టండి. పావుగంటలో ఘాటు తగ్గి గులాబీ రంగు వస్తుంది. పచ్చి ఉల్లిపాయ ముట్టని పిల్లలు కూడా ఇది తింటారు.

3. జాజికి

కీరను తురిమి, పావు టీస్పూన్ ఉప్పు చల్లి ఐదు నిమిషాలు వదిలేయండి. తర్వాత గుప్పిట్లోకి తీసుకుని గట్టిగా పిండండి. ఒక పలచటి గుడ్డలో వేసి పిండితే ఇంకా మంచిది. చిన్న కీర నుంచి అన్ని నీళ్లు వస్తాయా అనిపిస్తుంది, అవన్నీ పెరుగులో కలిసి ఉంటే జాజికి పల్చగా జారేది. పెరుగు కూడా గట్టిగా ఉండాలి. మామూలు పెరుగైతే పలచటి గుడ్డలో కట్టి రెండు గంటలు ఫ్రిజ్‌లో వేలాడదీయాలి. పొద్దున్నే కట్టి పెట్టేస్తే సాయంత్రానికి ఇంకా గట్టిపడి తయారుగా ఉంటుంది.

వెల్లుల్లిని మెత్తగా నూరి, దాని మీద వెనిగర్ పోసి రెండు నిమిషాలు ఆగండి. పులుపు తగిలితే పచ్చి వెల్లుల్లి మంట అదుపులోకి వస్తుంది. అప్పుడు పెరుగు, పిండిన కీర, ఆలివ్ నూనె, సోయకూర కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. ఉప్పు ఇప్పుడే వేయకండి, కీరతో వచ్చినది చాలా వరకు సరిపోతుంది.

4. బల్గర్

రెండు కప్పుల నీళ్లు మరిగించి, పావు టీస్పూన్ ఉప్పు, బల్గర్ వేసి, మూత పెట్టి సన్నని మంట మీద 12 నిమిషాలు ఉంచండి. స్టవ్ ఆపి మూత తియ్యకుండా ఐదు నిమిషాలు వదిలేసి, ఫోర్క్‌తో పొడిపొడిగా విడదీయండి. మరీ సన్న రకం బల్గర్‌కు పొయ్యి అక్కర్లేదు, మరిగే నీళ్లు పోసి మూత పెడితే మగ్గిపోతుంది.

5. డ్రెస్సింగ్

నూనె, నిమ్మరసం కలిపే ఈ పద్ధతిని గ్రీకులు 'లదోలెమోనో' అంటారు. లాది అంటే నూనె, లెమోని అంటే నిమ్మ. అన్నీ మూత బిగుతుగా ఉన్న గాజు సీసాలో వేసి అర నిమిషం గట్టిగా కుదపండి. ఆవాల పేస్ట్ ఉంది కాబట్టి నూనె, పులుపు వెంటనే విడిపోకుండా చిక్కగా కలుస్తాయి. ఓరెగానోను వేసే ముందు రెండు అరచేతుల మధ్య నలపండి. ఆ వాసన లేస్తే ఇల్లంతా తెలుస్తుంది. సీసాలోంచి ఆరు నెలలుగా వాసనే రాని ఓరెగానో వేసి ప్రయోజనం లేదు. ఈ వంటలో ముఖ్యమైన మసాలా అదే, అది బాగుండాలి.

6. గింజ ఉడికిందో లేదో చూడటం

పొంగు వచ్చిన 16వ నిమిషం నుంచి చూడటం మొదలుపెట్టండి. ఒక్క గింజ తిని నమ్మకండి. ఒకే గిన్నెలో గింజలన్నీ ఒకేసారి ఉడకవు. గిన్నెలో వేర్వేరు చోట్ల నుంచి ఐదారు గింజలు తీసి, నాలుకకు, అంగిలికి మధ్య నొక్కండి. పిండి తగిలినట్టు ఉంటే ఇంకా కావాలి. వెన్నలా నలిగి, పొట్టు మాత్రం గింజను పట్టి ఉంచితే అయిపోయినట్టే. ఎక్కువగా 18 నుంచి 25 నిమిషాల మధ్య ఈ దశ వస్తుంది. గిన్నె దగ్గరే ఉండాల్సిన సమయం ఇది. ఫోన్ వస్తే తర్వాత మాట్లాడవచ్చు.

చిల్లుల గిన్నెలోకి వార్చండి. వార్చిన నీళ్లు ఒక కప్పు దాచుకోండి. ఉల్లిపాయ, బే ఆకు తీసేయండి. మెత్తబడ్డ వెల్లుల్లిని చెంచాతో నలిపి గింజల్లోనే కలిపేయండి, రుచి దానిలోనే ఉంది. చన్నీళ్లతో కడగవద్దు. నిమిషంపాటు ఆవిరి పోనిచ్చి, వెడల్పు గిన్నెలోకి మార్చి, డ్రెస్సింగ్‌లో మూడింట రెండు వంతులు పోసి, అడుగు నుంచి మెల్లగా తిరగేయండి. మొదట నూనె ఎక్కువైందేమో అనిపిస్తుంది. ఐదు నిమిషాలాగి చూస్తే గిన్నె అడుగున ఏమీ మిగలదు, గింజలు మెరుస్తూ ఉంటాయి. మరీ పొడిగా అనిపిస్తే దాచిన నీళ్లు రెండు చెంచాలు కలపండి.

ఈ దశలో ఉప్పు చాలలేదనిపిస్తుంది. వేయకండి. మొదటిసారి చేసినప్పుడు నేను ఇక్కడే నాలుక మాట విని ఇంకో అర చెంచా వేశాను. పైన ఫెటా, ఆలివ్‌లు పడ్డాక ఎవరూ తినలేకపోయారు. ఆ రెండూ ఉప్పు నీళ్లలో ఊరినవి, మిగిలిన ఉప్పంతా అవే తెస్తాయి. బౌల్ మొత్తం పేర్చి ఒక ముద్ద తిన్నాకే ఉప్పు సంగతి చూడండి.

7. పేర్చడం

టమాటా, కీర, క్యాప్సికం పెద్ద ముక్కలుగానే కొయ్యండి. హోరియాతికిలో సన్న తరుగు ఉండదు, పాలకూరలూ లెట్యూస్ ఆకులూ కూడా ఉండవు. కూరగాయలు మాత్రం ఆఖరు నిమిషంలో కొయ్యండి, ముందే కోసి ఉప్పు చల్లితే నీరు కారుతుంది.

అడుగున వేడి బల్గర్, దాని మీద గోరువెచ్చని మసూర్, ఒక పక్కన చల్లని కూరగాయలు, ఇంకో పక్కన జాజికి ఒక గరిటె. పైన నానిన ఉల్లిపాయ, ఆలివ్‌లు, పార్స్లీ. ఫెటాను చేత్తో పెద్ద పెద్ద పెళ్లలుగా విరిచి వెయ్యండి, పొడి చేస్తే మసూర్‌లో కలిసిపోయి కనపడకుండా పోతుంది. మిగిలిన డ్రెస్సింగ్ కూరగాయల మీద. అన్నీ కలిపేసి వడ్డించకండి. ఒక చెంచాలో వేడి గింజ, చల్లని పెరుగు, ఉప్పటి చీజ్, కరకరలాడే కీర విడివిడిగా తగలడంలోనే ఈ బౌల్ ఆనందమంతా ఉంది.

ఇంట్లో అందరూ ఒకేలా తినరు కదా

అందుకే నేను బౌల్స్ నింపి బల్ల మీద పెట్టను. బల్గర్, మసూర్ రెండూ పెద్ద గిన్నెల్లో, మిగతావి చిన్న గిన్నెల్లో పెట్టి ఎవరిది వాళ్లను పేర్చుకోమంటాను. ఆలివ్ నచ్చనివాళ్లు మానేస్తారు, జాజికి ఇష్టమైనవాళ్లు రెండు గరిటెలు వేసుకుంటారు. తన చేత్తో పేర్చుకున్న గిన్నెను పిల్లలు సాధారణంగా వదలరు. చిన్న పిల్లలున్న ఇంట్లో ఆలివ్‌లలో గింజ మిగల్లేదని మీరే చూసి, నిలువుగా నాలుగు ముక్కలు చెయ్యండి. గుండ్రంగా వదిలేస్తే గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది.

పాల పదార్థాలు తిననివాళ్లకు ఫెటా, జాజికి లేకుండా కూడా ఇది పూర్తి భోజనమే. గ్రీస్‌లో ఈస్టర్ ముందు ఉపవాస దినాల్లో మసూర్‌ను అలాగే తింటారు. గుడ్ ఫ్రైడే నాడైతే చాలా ఇళ్లలో నూనె చుక్క కూడా వేయకుండా, వెనిగర్ మాత్రమే పోసుకుంటారు. శిలువ మీద క్రీస్తుకు అందించిన పులిసిన ద్రాక్ష రసానికి అది గుర్తు.

ఒంటికి ఏం అందుతుంది

పొట్టు తీయని మసూర్ 100 గ్రాముల్లో సుమారు 24 గ్రాముల ప్రొటీన్, 10 గ్రాములకు పైగా పీచు, 6 మిల్లీగ్రాములకు పైగా ఐరన్ ఉంటాయి. పైన చెప్పిన కొలతలతో ఒక్కొక్కరికి మసూర్ నుంచే దాదాపు 15 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. బల్గర్, పెరుగు, ఫెటా కలిస్తే 25 దాటుతుంది. గింజల్లోని ఐరన్‌ను ఒళ్లు అంత తేలిగ్గా తీసుకోదు, పక్కన విటమిన్ సి ఉంటే బాగా తీసుకుంటుంది. నిమ్మరసం, టమాటా, పచ్చి క్యాప్సికం ఆ పని చేస్తాయి.

ఆలివ్ నూనె మంచిదే కానీ కేలరీలు లేనిది కాదు. ఒక టేబుల్ స్పూన్‌కు దాదాపు 120. ఈ కొలతలో మనిషికి ఒకటిన్నర స్పూన్ పడుతుంది. తగ్గించాలంటే జాజికిలోని నూనె మానేయండి, మసూర్‌కు పట్టించేది మాత్రం తగ్గించకండి. బీపీ ఉన్నవాళ్లు ఫెటాను, ఆలివ్‌లను పది నిమిషాలు మంచినీళ్లలో వేసి తీస్తే ఉప్పు కొంత దిగుతుంది. ఫెటా సగం చేసి పార్స్లీ, నిమ్మరసం పెంచినా రుచి లోటనిపించదు. పీచుకు అలవాటు లేని కడుపైతే మొదటిసారి మసూర్ కొంచెం తక్కువ వేసుకుని, బల్గర్ ఎక్కువ వేసుకోవడం మంచిది.

మిగిలితే

డ్రెస్సింగ్ పట్టిన మసూర్ మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు రోజులు బాగుంటుంది. రెండో రోజు రుచి ఇంకా పెరుగుతుంది. జాజికి రెండు రోజుల్లో తినేయాలి, వెల్లుల్లి రోజురోజుకూ ఘాటెక్కుతుంది. కోసిన కూరగాయలు మాత్రం దాచకండి. అందుకే నేను మసూర్ ఎప్పుడూ రెట్టింపు ఉడికిస్తాను, సగానికే డ్రెస్సింగ్ పడుతుంది. రెండో సగం మర్నాటి ఫకేస్‌కు. ఆలివ్ నూనెలో ఒక ఉల్లిపాయ, ఒక క్యారెట్ మెత్తబడే దాకా వేయించి, రెండు టమాటాలు తురిమి వేసి, ఉడికిన గింజలు, వార్చి దాచిన నీళ్లు, బే ఆకు కలిపి పావుగంట సన్నని మంట మీద ఉంచండి. గింజలు అప్పటికే ఉడికి ఉన్నాయి కాబట్టి ఇప్పుడు టమాటా వాటిని ఏమీ చేయలేదు. గిన్నెల్లో పోశాక వెనిగర్ సీసా బల్ల మీదే ఉంచండి, ఎవరికి కావలసినంత వాళ్లు పోసుకుంటారు.